లైట్‌హౌస్ బొమ్మ టీపొడి

ముందు నాకో సమాధానం చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఏది మంచిదో తేల్చే అధికారం మీకెవరిచ్చారు? నాకైతే ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. తొమ్మిది రోజులుగా అనుభవిస్తున్నాను!

బందరులో మా అమ్మమ్మది ఒకటే టీపొడి. పసుపు ప్యాకెట్, మీద లైట్‌హౌస్ బొమ్మ. మా అమ్మ ఏ ప్యాకెట్‌తో ప్లాస్టిక్ డబ్బా ఫ్రీ అంటే అది కొంటుంది. నాకు నెలకో రుచి కావాలి. "ఇన్ని రకాలుండగా ఒక్కదానికే అతుక్కుపోవడం బానిసత్వం కాదా?" అని కాలేజీ డిబేట్‌లో బల్ల గుద్దినదాన్ని, ఇంటికొచ్చి ఊరుకుంటానా? మందార టీ ఆర్డర్ పెట్టాను. నాలుగున్నర స్టార్లు! అది రాగానే అమ్మమ్మ డబ్బాలో నిండుగా ఉన్న పొడిని గులాబీ కుండీలో గుమ్మరించి, ఇది నింపేశాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. ముగింపు ప్రార్థన మొదలవగానే టీ పెట్టడం మా పద్ధతి. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులని నేనే పెట్టాను. మరిగే పాలల్లో పొడి వేశానో లేదో, రంగు గులాబీకి తిరిగింది. ఆ వెంటనే పాలు విరిగాయి! ప్యాకెట్ తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో 'పాలు కలపరాదు'. పాస్టరుగారి ప్రార్థన ఎప్పుడవుతుందా అని చూసే నేను, ప్రభువా, ఇంకో అరగంట సాగించు అని వేడుకున్నాను. ఆయన ఆరోజే రెండు నిమిషాల్లో ఆమెన్ అనేశారు.

"ఏంటమ్మాయ్, ఇది తాగాలా, వడగట్టి కూర చెయ్యాలా?" అంది ఎదురింటి ఆంటీ.

అమ్మమ్మ గ్లాసులోకి చూసింది. "నా పొడేదే?"

"గులాబీ కుండీలో... నీకూ ఛాయిస్ ఉండాలని..."

"నాకు లేదని ఎవరన్నారే? పెళ్లయిన ఏడాది ఐదు రకాలు తాగి చూసి మరీ ఎంచుకున్నా. నేను ఎంచుకున్నదాన్ని నువ్వు పారబోశావ్."

ఏ డిబేట్‌లోనూ నన్నెవరూ ఇంత శుభ్రంగా ఓడించలేదు.

మర్నాడు కొట్టుకి పరిగెత్తాను. "సరుకు ఇక రాదమ్మా. కొనేది మీ అమ్మమ్మగారొక్కరే కదా! పోయిన నెల మిగిలిన రెండు ప్యాకెట్లూ ఆవిడే పట్టుకెళ్లారు, జాగ్రత్తగా వాడుకుంటానని," అన్నాడు కొట్టు బాబాయ్.

గుడివాడ వెళ్లాను, మొవ్వ వెళ్లాను. ఏ కొట్లో చూసినా గోడ నిండా టీలే! బరువు తగ్గించేది, నిద్ర పట్టించేది, జుట్టు ఊడనివ్వనిది. అమ్మమ్మది మాత్రం లేదు.

ఆవిడ టీ మానేసి వేణ్ణీళ్లు తాగుతోంది. "వీటినైతే నువ్వు మార్చలేవు కదే" అంటోంది.

దయచేసి నాకు కొత్త టీల లింకులు పంపకండి. అవనిగడ్డ, నాగాయలంక, పమిడిముక్కల వైపు ఉన్నవాళ్లు మీ వీధి పాత కొట్లో వెనక అర ఒకసారి తడిమి చూడండి. పసుపు ప్యాకెట్ దొరికితే తెచ్చి మా అమ్మమ్మ చేతికే ఇవ్వండి. నాకు మాత్రం ఇవ్వకండి!