ఎడమ కాలి మలుపు, ఆదివారం స్పానర్

ఇందుకూరుపేట మండలంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు కొత్తగా స్కేటింగ్ రింక్ వేయించుకున్నారు. ఆ ఏడాది ఎండాకాలం సెలవులు మొదలవగానే నెల్లూరులోని మా క్లబ్బు నన్ను అక్కడికి అసిస్టెంట్ కోచ్‌గా వేసింది. ముప్పై నిండకుండానే మోకాలు మొరాయించి పని మానేసినదాన్ని కాబట్టి, "రిటైరయ్యాను" అంటే మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీండి. చేసిన ఉద్యోగం ఉద్యోగమే. అందులో ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. అదే రాస్తున్నాను.

మా దగ్గర హెడ్ కోచ్ అంటే శనివారం వచ్చి చూసిపోయి, పోటీలకు పేర్లు పంపే మనిషి. ఆయన్ను అందరం సార్ అనేవాళ్ళం. అసిస్టెంట్ అంటే మిగతా పనులన్నీ. లేసులు బిగించడం, పడ్డవాళ్ళను లేపడం, అమ్మానాన్నల చేత మాటలు పడడం. మైపాడు సముద్రం వైపు నుంచి గాలి తిరిగిందంటే సిమెంటు నేల మీద సన్నటి ఇసుక చేరుతుంది. చక్రం కింద కాస్త ఇసుక పడితే చాలు, పిల్ల బోర్లా పడుతుంది. అందుకని ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక గానీ ఎవరినీ రింక్ ఎక్కనిచ్చేదాన్ని కాదు.

ఫిగర్ స్కేటింగ్ అనగానే అందరికీ మంచు గుర్తొస్తుంది. నెల్లూరులో మంచుగడ్డ చేపల పెట్టెల్లో తప్ప ఎక్కడుంటుంది? మాది చక్రాల మీద చేసే ఫిగర్ స్కేటింగ్. బూటు కింద ముందు రెండు చక్రాలు, వెనక రెండు. చక్రాల ఇరుసుకూ బూటు అడుగు పలకకూ మధ్య రబ్బరు ముక్కలుంటాయి. వాటిని ఒక నట్టు పట్టి ఉంచుతుంది. పాదాన్ని ఒక పక్కకు వంచితే రబ్బరు నలుగుతుంది, ఇరుసు తిరుగుతుంది, స్కేటు వంపు తీసుకుంటుంది. నట్టు గట్టిగా బిగిస్తే రబ్బరు నలగదు. అప్పుడు స్కేటు ఎడ్లబండిలా నేరుగా పోతుంది.

ఈ వంపుల మీదే మలుపులు చేస్తారు. వాటిలో కష్టమైనవి రాకర్, కౌంటర్ అనే రెండు. ఒంటి కాలి మీద ముందుకు పోతూ, అదే కాలి మీద వెనక్కి తిరిగి, ఆగకుండా ఇంకో పక్క వంపులోకి పోవాలి. రెండు వంపులూ కలిస్తే ఇంగ్లీషు ఎస్ అక్షరం లాగా ఉంటుంది. పాదం బయటి అంచు మీద మొదలుపెడితే తిరిగాక కూడా బయటి అంచు మీదే ఉండాలి. రాకర్‌లో ఒళ్ళు వంపు లోపలికి తిరుగుతుంది, కౌంటర్‌లో వంపుకు ఎదురు తిరుగుతుంది. తిరిగే ముందే పాదం అంచు మార్చేసిందా, లేక ఎగిరి తిరిగిందా, జడ్జి ఆ మలుపును లెక్కలోకే తీసుకోడు.

హాసిని అప్పుడు తొమ్మిదో తరగతికి వస్తోంది. నెల్లూరు క్లబ్బులో మూడేళ్ళు నా దగ్గరే నేర్చుకున్న పిల్ల. వాళ్ళ నాయన రమణయ్య గారికి ఆ పక్కనే రొయ్యల చెరువులున్నాయి. సెలవుల చివర రాష్ట్ర జట్టుకు సెలెక్షన్ ట్రయల్ ఉంది. ఆమె వయసు పిల్లలకు అదే ఆఖరి అవకాశం, మరుసటేడు పెద్దవాళ్ళ విభాగంలోకి పోవాలి. ట్రయల్‌లో చేసే ఫుట్‌వర్క్‌లో, అంటే ఆపకుండా చేసే అడుగుల వరుసలో, రాకర్, కౌంటర్ రెండూ ఉండాలి. కుడి కాలి మీద రెండూ బాగా చేసేది. ఎడమ కాలి దగ్గరే ఇబ్బంది.

ఎడమ కాలిని మొదటి నుంచీ మొదలుపెట్టాం. ముందు కమ్మీ పట్టుకుని నిలబడి భుజాలు ఒక పక్కకు, నడుము ఇంకో పక్కకు తిప్పడం. తర్వాత సుద్దతో గీసిన వంపు మీద మెల్లగా పోవడం. మలుపు దగ్గర మోకాలు వంచి, లేచి, తిరిగి, మళ్ళీ వంచడం. నిజం తెలుసుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. తడిగుడ్డ మీద చక్రాలు ఆనించి పంపితే పొడి సిమెంటు మీద తడిగీత పడుతుంది. ఎదురుగా నిలబడి తీసిన ఫోను వీడియోలో అన్నీ అందంగానే కనిపిస్తాయి. గీత మాత్రం మొగమాటపడదు. పిల్ల ఎగిరి తిరిగితే గీత మధ్యలో తెగుతుంది.

శనివారం సాయంత్రానికి హాసిని గీత తెగకుండా వచ్చేది. ఆదివారం సెలవు. సోమవారం చూస్తే మళ్ళీ మొదటికే. కాలు కర్రలా బిగుసుకుపోయి, తిరగలేక చిన్న ఎగురు ఎగిరేది. కుడి కాలు మాత్రం అలవాటు మీద ఎలాగో నెట్టుకొచ్చేది. ఒక వారం అలసట అనుకున్నాను. రెండో వారమూ అదే. భుజం తప్పా, చూపు తప్పా అని వెతికాను. బేరింగులు విప్పి నూనె వేశాను. సోమవారం సాయంత్రం అందరి బూట్లూ తుడిచేటప్పుడు ఆమె నట్లు బిగువుగా తగిలినా, ఇసుక పట్టిందనుకుని వదులు చేసి ఊరుకున్నాను.

సార్‌తో చెబితే ఆయన ఫోను మీంచి తలెత్తకుండానే అన్నాడు. "ఎగిరించు ప్రసన్నా. ఎవుడు చూస్తాడంట? చేతులు ఊపతా నవ్వతా తిరగమను, సరిపోద్ది."

"జడ్జి చూస్తాడు సార్."

"జడ్జీలకి నేను చెప్పుకుంటాలే. నువ్వు చెప్పింది చెయ్. ఇంటర్ చదివినదానివి, నాకు రూల్సు చెప్తావా?"

నా చదువుకూ పిల్ల కాలికీ ఏం సంబంధం? ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందంటే, బయటికెళ్ళి కుళాయి కింద తల పెట్టుకుని వచ్చాను.

మూడో సోమవారం బూట్లు తిరగేసి, ఇరుసును బొటనవేలితో నొక్కి చూశాను. ఇసుమంత కూడా కదల్లేదు. నాలుగు నట్లూ రాయిలా బిగించి ఉన్నాయి. అవి నేను శనివారం నా చేత్తో సరిచేసి ఇచ్చినవి. ఈ పని సారే చేశాడని నాకు అప్పటికప్పుడే ఖాయమైపోయింది. పిల్ల ఎగరడం తప్ప వేరే దారి లేకుండా చేశాడనుకున్నాను. ఫోను చేసి నోటికొచ్చినట్టు అడిగేశాను.

ఆయన అంతా విని, "స్పానర్ పట్టే ఓపికే ఉంటే నిన్నెందుకు పెట్టుకుంటా తల్లీ?" అని పెట్టేశాడు. అది మాత్రం నిజమేననిపించింది. హాసినిని అడిగితే తల వంచుకుని లేసులు సర్దుకుంది.

ట్రయల్‌కు వారం ముందు ఆదివారం కూడా ప్రాక్టీసు పెట్టాను. నేను వెళ్ళేసరికి రింక్ మెట్ల మీద రమణయ్య గారు కూర్చుని ఉన్నారు. లుంగీ మడిచి, ఒళ్ళో కూతురి బూటు బోర్లా పెట్టుకుని, స్పానర్‌తో నట్టు బిగిస్తున్నారు. పక్కనే హాసిని గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"ఏందన్నా అది! ఎవురు చెయ్యమన్నారు నిన్ను?" అని అరిచేశాను.

ఆయన బెదరలేదు. "ఒకరు చెప్పాల్నా మేడమ్? మీరు పిల్లకాయల బూట్లు చూసుకోవాలగదా. వారం వారం నట్లన్నీ లూజే. నేను బిగించకపోతే ఈపాటికి కాలు ఇరగ్గొట్టుకోని ఉండేది."

"లూజు కాదన్నా, అట్టా ఉంటేనే అది వంగేది!"

"నాకు చెప్పమాకండి. మా చెరువులో ఏరేటర్లుండాయి. నీళ్ళని చిలికి రొయ్యకి గాలిచ్చే ఫ్యాన్లు. ఉప్పునీళ్ళకి, ఆ అదురుకి నట్టు నిలవదు. ఒక్క నట్టు ఊడితే ఫ్యాను పడిపోద్ది. తెల్లారేలోగా చెరువు చెరువంతా చచ్చి తేలిపోద్ది. తిరిగే వస్తువుకి నట్టు లూజు పెట్టేవోణ్ణి నేనింతవరకూ చూడలా."

"మూడు వారాలు! నీ స్పానర్ వల్ల మూడు వారాలు మట్టికొట్టుకుపోయినాయి. పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఆ పిల్ల..."

"నా బిడ్డ గురించి నువ్వా నాకు చెప్పేది?"

"నీ బిడ్డే! కాదన్నానా? కానీ కాలు దానిది!"

గొంతులు లేచాయి. స్కూలు వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి తొంగి చూశాడు. నేను బూటు లాక్కోబోయాను, ఆయన వదల్లేదు. మేమిద్దరం చెరో పక్క పట్టుకుని ఉండగా హాసిని ఒక్క అరుపు అరిచింది. అంతవరకూ ఆ పిల్ల గొంతు నేను అంత గట్టిగా వినలేదు.

"నాయనా, నేను నీ చెరువులో ఫ్యాన్ని కాదు! ఆదివారం నువ్వు బిగిస్తావు, సోమవారం అక్క వదులు చేస్తాది. కాలికెట్టుండాదో ఒక్కరన్నా అడిగినారా నన్ను?"

రమణయ్య గారు ముందు తేరుకున్నారు. "చెప్పొచ్చు గదమ్మే," అన్నారు మెల్లగా.

"ఎట్టా చెప్పేది? రాత్రంతా చెరువుకాడ ఉండి వచ్చి, నిద్ర కూడా పోకుండా నా బూట్లు ముందేసుకుంటావు. వద్దంటే నువ్వు బాధపడవా?"

ఆయన బూటు వదిలేశారు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, అప్పుడు కలగలేదు. ప్రేమతో చేసినా బిగించిన నట్టు బిగించిన నట్టే. స్పానర్ హాసిని చేతికిచ్చాను. ఆమె కాస్త వదులు చేసి, తొడుక్కుని ఒక వంపు పోయి వచ్చి, మళ్ళీ కూర్చుని ఇంకాస్త తిప్పింది. నేను పెట్టేదానికన్నా ఎడమ కాలికి కొంచెం బిగువుగా, కుడి కాలికి వదులుగా ఉంచుకుంది. నట్టు ఊడిపోకుండా పైన లాక్‌నట్టు వేయడం నేను రమణయ్య గారికి చూపించాను. ఆయన దాన్ని వేలితో తిప్పి చూసి, "ఇది ముందే చూపించి ఉంటే నేనెందుకు ముట్టుకుంటా?" అని గొణిగారు.

ఆ వారమంతా ఎడమ కాలి మీదే పనిచేశాం. రాకర్ కుదిరింది. గీత శుభ్రంగా వచ్చింది. కౌంటర్ ఒకసారి వస్తే ఒకసారి రాదు. మలుపు దాటాక ఒళ్ళు ఊగి, గాలిలో ఉన్న కాలు నేలకు ఆనేది. అది అలవాటైతే పోతుంది. అలవాటు కావడానికి కావలసింది రోజులు. మా రోజులన్నీ ఆ నట్టు మింగేసింది.

ట్రయల్ రోజు సార్ వచ్చి, బూటు నొక్కి చూసి, మొహం చిట్లించాడు. ఎడమ కాలి మీద ఎగిరి తిరగమన్నాడు. హాసిని వద్దంది. "పడితే నా పేరు చెప్పమాక," అన్నాడు సార్. "పడితే నా పేరే చెప్పుకుంటా సార్," అంది ఆ పిల్ల. రమణయ్య గారు నా పక్కన నిలబడి రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, "ఇవి బైటికి తీస్తే ఏదో ఒకటి బిగిస్తా మేడమ్," అన్నారు.

రాకర్‌ను జడ్జి లెక్కించారు. కౌంటర్‌లో కాలు నేలకు ఆనింది. దాన్ని లెక్కించలేదు. హాసినికి జట్టులో చోటు రాలేదు, రిజర్వులో వేశారు. మా క్లబ్బులోనే సార్ చెప్పినట్టు ఎగిరిన ఇంకో పిల్లకు రెండు మలుపులూ పోయాయి. సార్ జడ్జీల బల్ల దగ్గర చాలాసేపు గొడవపడి, వచ్చి నన్ను తిట్టాడు. నేనూ తిట్టాను. ఎగరడం నేర్పించి పంపిన పిల్లను ఆ మధ్యాహ్నం ఓదార్చింది కూడా నేనే. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

రిజర్వులో ఉన్నవాళ్ళకు ఆ ఏడు పిలుపు రాలేదు. హాసిని పెద్దవాళ్ళ విభాగంలోకి పోయి మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టింది.

ఆ తర్వాత మోకాలు పోయేదాకా నేను చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి క్లాసు మలుపులది కాదు, స్పానర్‌ది. పిల్ల తన నట్టు తానే తిప్పి, పోయి వచ్చి, ఎలా ఉందో నోటితో చెప్పాలి. చెప్పేదాకా నేను భుజం గురించీ నడుము గురించీ మాట్లాడేదాన్ని కాదు. మలుపు చెడితే మొదట చక్రాన్ని అడగాలి, తర్వాత పిల్లను అడగాలి, ఆఖరున తప్పు పట్టాలి. అమ్మానాన్నలకూ, హెడ్ కోచ్‌కూ, నాకూ కూడా ఆ నట్టు మీద చెయ్యి వేసే హక్కు లేదు. తిరిగేది ఆ పిల్ల. ఎంత వదులో ఆ పిల్లే చెప్పాలి.