నాయిన ఇచ్చిన ఆరో నంబరు

గోల్ఫ్ కర్రలకు నంబర్లుంటాయని మాకు జడ్చర్ల వచ్చాకే తెలిసింది. నారాయణపేటలో మా మగ్గం ఆగిపోయాక నాయినకు హైవే పక్కన కొత్తగా వేసిన గోల్ఫ్ మైదానంలో క్యాడీ పని దొరికింది. ఆడేవాళ్ల సంచీ మోయాలి, బంతి ఎక్కడ పడిందో చూడాలి, ఏ దెబ్బకు ఏ కర్ర తీయాలో చెప్పాలి. పని నేర్పిన మొదటి వారం అందరూ ఒకే తప్పు చేశారట. తొమ్మిదో నంబరు ఐరన్, అంటే ఇనుప మొహం ఉన్న కర్ర, అన్నిటికన్నా దూరం కొడుతుందని అనుకున్నారట. నాయిన ఒక్కడే కాదన్నాడు.

"నంబరు పెరిగితే దూరం తగ్గుతది. నూలు లెక్కనే గద. నూరు నంబరు నూలు ఎనభై కన్న సన్నగుంటది. గిదీ గంతే."

ఆ సాయంత్రం ఇంట్లో నాకు అరచేయి నిలబెట్టి చూపించాడు. ఇది మూడో నంబరు, దీని మొహం నిటారుగా ఉంటుంది, బంతి కిందుగా చాలా దూరం పోతుంది. అరచేతిని కొద్దికొద్దిగా వెనక్కి వాలుస్తూ నాలుగు, అయిదు, ఆరు అని లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి చేయి దాదాపు ఆకాశం వైపు తిరిగింది. దానితో కొడితే బంతి పైకి లేచి దగ్గరలోనే పడుతుంది. కర్ర పొడవు కూడా నంబరు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒక్కో నంబరుకు పది పన్నెండు గజాల తేడా. అమ్మ పోయాక నాయిన అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. నేను అదంతా నా నోటుబుక్కులో రాసుకున్నాను.

డిగ్రీ అయ్యాక నాకూ అక్కడే సంచుల గదిలో పని ఇచ్చారు. ఐరన్ల గీతల్లో ఇరుక్కున్న గడ్డి, మట్టి తుడవాలి. నంబరు వరసలో సంచీలో సర్దాలి. పొద్దున్నే, బంతి పడాల్సిన పద్దెనిమిది గుంతల దగ్గర ఏ రంగు జెండా పాతారో బోర్డు మీద రాయాలి. ఎర్రజెండా అంటే గుంత, దాని చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిలో ముందరి భాగాన ఉందని. తెల్లది నడుమ, పసుపుది వెనక. తెల్లజెండాకు ఏడో నంబరు సరిపోయే చోట ఎర్రదానికి ఎనిమిది, పసుపుదానికి ఆరు. మనుషులతో మాట్లాడే పని తక్కువ కాబట్టి ఆ గది నాకు నచ్చింది. ఖాళీ దొరికితే మూలన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని.

మధ్యాహ్నాలు కలుపు తీసే పెద్దమ్మ ఒకామె మా గది వరండాలో సద్ది విప్పేది. నన్ను ఊరికే వదిలేది కాదు.

"నోట్లె ముత్యాలున్నయా బిడ్డా? రాలతయని మూసుకున్నవా?"

నేను నవ్వి ఊరుకుంటే, "నీకంటె గా కట్టెలే నయం, కొడితె చప్పుడన్న చేస్తయి," అని ఇంత తొక్కు నా గిన్నెలో వేసేది.

నాయిన ఐరన్‌ను చూడకుండా దాని మొహం మీద బొటనవేలు పెట్టి పోల్చుకోవడం ఒకరోజు గమనించాను.

"నంబరు చూస్తలేవా నాయినా?"

"చూసుడెందుకే? చెయ్యికి ఎరుకనే."

మరుసటి వారం బస్టాపులో నాయిన బస్సనుకుని లారీకి చెయ్యెత్తాడు. లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. చేయి దించి, నా వైపు చూడకుండా నిలబడ్డాడు. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు, షుగర్ వల్ల కంటి వెనక భాగం దెబ్బతిందన్నాడు. అద్దాలతో లాభం లేదు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నాడు.

బయటికొచ్చాక నాయిన ఒకటే మాట అన్నాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. బంతి పడ్డ జాగ చూడనోన్ని ఎవడు పెట్టుకుంటడు?"

చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కష్టమైన పని కాదు. నాయిన అప్పటికే మైదానమంతా అడుగులతో కొలిచి పెట్టుకున్నాడు. ఏ వేపచెట్టు నుంచి ఏ గుంతకు ఎన్ని గజాలో నిద్రలో అడిగినా చెప్పేవాడు. జెండా రంగే ఆయనకు కనిపించేది కాదు. అందుకని పొద్దున సంచీ భుజానికెత్తుతూ ఆయన చెవిలో చెప్పేదాన్ని, ఒకటి తెలుపు, రెండు ఎరుపు, మూడు పసుపు, అట్లా పద్దెనిమిదీ. చీర కొంగు డిజైను గుర్తుపెట్టుకున్నట్టు ఒక్కసారి వింటే చాలు. బంతి ఎటు పోయిందో మాత్రం దెబ్బ చప్పుడును బట్టీ, ఆడినాయన గొంతును బట్టీ పట్టేవాడు.

తోటి క్యాడీలు నవ్వేవాళ్లు. "ఏందే మామా, పొద్దుగాల్నే బిడ్డ చెవిల మంతరం చెప్తాంది?"

"నీకు చెప్పేటోళ్లు లేరని కుళ్లుకుంటున్నవా?" అనేవాడు నాయిన.

అట్లా దాదాపు ఏడాది గడిచింది. ఒక్కరు కూడా పసిగట్టలేదు. మేము తెలివైనవాళ్లమని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు అది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ రోజు పదకొండో గుంతకు పొద్దున పసుపు జెండా. పొద్దున పదకొండు గంటలు దాటాక మైదానం చూసే మనిషి గదికి వచ్చి, వెనకవైపు గడ్డి పాడైంది, ఆడవాళ్లు కూర్చుని బాగుచేస్తున్నారు, జెండా ముందుకు మార్చాం, ఎరుపు అని రాయమన్నాడు. నేను పసుపు తుడిచి ఎరుపు రాశాను. నాయిన అప్పటికే హైదరాబాద్ నుంచి వచ్చిన, ఆటకు కొత్త అయిన ఒక సారుతో లోపల ఉన్నాడు. క్యాడీల ఫోన్లు మా గది డబ్బాలోనే ఉంటాయి. పరిగెత్తి వెళ్లి చెబితే? అందరి ముందూ ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? ఈపాటికి పదకొండో గుంత దాటేసి ఉంటాడులే అనుకున్నాను. తడిగుడ్డ తీసుకుని ఇంకో ఐరన్ తుడవడం మొదలుపెట్టాను.

కాసేపటికి అరుపులు వినిపించాయి. బ్యాటరీ బండి మీద పెద్దమ్మను పడుకోబెట్టి తెచ్చారు. చెవి పైన తగిలింది. కొంగు ఒక వైపంతా రక్తం. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ పిలిస్తే పలకడం లేదు. నాయిన బండి వెనక సంచీ మోసుకుంటూ నడిచి వస్తున్నాడు. ఆరో నంబరు ఇంకా చేతిలోనే ఉంది.

అందరూ అంబులెన్స్ దగ్గరికి పరిగెత్తారు. గదిలో నేనొక్కదాన్నే. బోర్డు దగ్గరికి వెళ్లి పదకొండు ఎదురుగా ఎరుపు తుడిచి పసుపు అని రాశాను. తప్పు బోర్డు మీదికి పోతే నాయిన కళ్ల సంగతి, ఆయన ఎప్పుడు లోపలికి పోయాడన్నది ఎవరూ అడగరనుకున్నాను.  అక్షరాలు రోజూ లాగే గుండ్రంగా వచ్చాయి.

సూపర్‌వైజర్ నాయినను బోర్డు ముందు నిలబెట్టాడు. ఆ సారు, తనకేమీ తెలియదని, క్యాడీ ఇచ్చిన కర్రతోనే కొట్టానని చెప్పి కారెక్కి వెళ్లిపోయాడట.

"ఎర్రజెండకు ఆరు నంబరు ఎట్ల ఇచ్చినవయ్యా? గంత మంది కూసుంటే అవుపడలేదా?"

నాయిన నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "నా తప్పు సార్. జెండా మార్చిన్రని చెప్తే బోర్డు మీద రాయలే. మర్చిపోయిన."

ఆ గదిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. నాయిన నా గొంతు వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా, "దిబ్బ అడ్డమొచ్చింది సార్, మనుషులు అవుపడలే," అన్నాడు.

అక్కడ నిజంగానే చిన్న దిబ్బ ఉంది. నన్ను మళ్లీ రావద్దన్నారు. నాయినను పదిహేను రోజులు ఆగి రమ్మన్నారు.

బస్టాపుకు నడిచాం. బస్సు వస్తోందని నేను చెప్పాక అడిగాడు.

"బోర్డు సరిగనే రాసినవ్ గద?"

"ఆ."

"మల్ల గట్లెందుకు చెప్పినవ్?"

ఆయన చేయి పట్టుకుని బస్సెక్కించాను. 

నాలుగో రోజు దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. పెద్దమ్మ తలకు కట్టు ఉంది. ఆ వైపు చెవి ఇక వినపడదని ఆమె కోడలు చెప్పింది. నన్ను చూసి పెద్దమ్మ రెండో చెవి నా వైపు తిప్పింది. మాట తడబడుతోంది.

"మీ నాయిన నా దిక్కే చూసిండు బిడ్డా. బంతి కొట్టకముందు లేసి నిలవడ్డ. ఆగుమని చెయ్యెత్తిన. నన్నే చూస్కుంట గా సారుకు కట్టె ఇచ్చిండు." నా చేయి పట్టుకుంది. "నేను మీకేం చేసిన?"

నేను తెచ్చిన బత్తాయిలు మంచం కింద పెట్టి వచ్చేశాను. నాయినకు చూపు లేదని అక్కడే చెప్పేయాల్సింది.  పదిహేను రోజుల గడువు ముగిసే ముందటి సాయంత్రం దాకా పెద్దమ్మ అన్నమాట నాయినకు కూడా చెప్పలేదు. ఆయన మర్నాటి కోసం క్యాడీ చొక్కా ఉతికి ఆరేస్తుంటే అప్పుడు చెప్పాను.

"చెయ్యెత్తిందా?" అన్నాడు.

"ఎత్తిందట."

"నేను ఆమె దిక్కే చూసిన్నా?"

"గట్లనే అన్నది."

తీగను తడిమి తడి చొక్కా దాని మీద వేశాడు. పొద్దున దాన్ని వేసుకోలేదు. మడిచి సంచిలో పెట్టుకుని, నన్ను వెంట రమ్మన్నాడు. సూపర్‌వైజర్‌కు చొక్కా ఇచ్చి, "నాకు కండ్లు అవుపడవు సార్. ఏడాది సంది అవుపడవు. నా బిడ్డ బోర్డు సక్కగనే రాసింది," అన్నాడు. సూపర్‌వైజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ముందు బయటికి నడవమన్నాడు.

అక్కణ్నుంచి పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. అప్పటికి ఇంటికి తెచ్చారు. మంచం పక్కన నేల మీద కూర్చుని నాయిన అంతా చెప్పాడు. "నువ్వు నిలవడ్డది నాకు తెల్వదు అక్కా. చెయ్యెత్తింది తెల్వదు. నాకు పచ్చగనే అవుపడ్డది, అంతా పచ్చగ." ఆమె నమ్మలేదు. చేయి చాపి ఆయన మొహం ముందు మూడు వేళ్లు పెట్టింది.

"ఎన్ని?"

నాయిన మొహం ముందుకు చాచి వెతికాడు. "రెండా?" అన్నాడు.

పెద్దమ్మ చేయి దించింది. కోడలు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది.  పెద్దమ్మ వినపడే చెవి నా వైపు తిప్పి అడిగింది.

"నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"ఎరుకనే పెద్దమ్మా," అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది.