మరియమ్మ తీసేయమన్న ముక్క

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెనాలిలో ఒక ట్యూషన్ గదిలో, గోడకు తెరగా దుప్పటి కట్టి, మా చిన్న సినిమాల ఫెస్టివల్ మొదలుపెట్టాం. దుప్పటి మా ఇంటిది. కట్టింది నేను. చివర్లో, మాలో సినిమాలు తీసే ప్రసాద్ మైకు పట్టుకుని టీ తెచ్చినవాడికి కూడా థాంక్స్ చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. మరిచిపోయాడంటారా? కావచ్చు. నేను మరిచిపోలేదు.

మాకొక నియమం ఉండేది. ఎవరి మీద సినిమా తీస్తే ముందు వాళ్లకే చూపించాలి, వాళ్లు వద్దన్న ముక్క తీసేయాలి. రేపల్లెలో చేపలమ్మే మరియమ్మ మీద ప్రసాద్ సినిమా తీసి, ఆమెకు చూపించి రమ్మని నాకు లాప్‌టాప్ ఇచ్చి పంపాడు. అల్లుడు కూతుర్ని ఆరు నెలలు పుట్టింట్లో వదిలేసిన సంగతి చెబుతూ ఆమె ఏడ్చే చోటు ఒకటుంది. అది తీసేయించమని నన్ను అడిగింది. కూతురు మళ్లీ బాపట్లలో కాపురం చేసుకుంటోంది, ఆ ఏడు ఫెస్టివల్ కూడా బాపట్లలోనే, వియ్యాలవారి కంట పడుతుందని ఆమె భయం. సరేనన్నాను.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ చెప్పాలనే అనుకున్నానా? అనుకున్నాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ప్రసాద్ ఫోన్ చేస్తే మాత్రం, ఆమెకు అంతా నచ్చిందన్నాను. హాల్లో అందరి ముందూ ఆమె లేచి అతన్ని కడిగేస్తే చూడాలనిపించింది. తర్వాత ఆమె బతుకు ఏమవుతుందన్న ఆలోచన నాకు రానేలేదు.

బాపట్ల హాల్లో సినిమా వేసిన రోజు ఆమె లేవలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సినిమాలోని ఆ ఏడుపు గురించే జనం చెప్పుకున్నారు. మరుసటి ఏడు హాలు చాల్లేదు. నగరం, కొలకలూరు లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా తాము తీసిన సినిమాలు పట్టుకుని వచ్చారు. బాపట్ల వియ్యాలవారు మాత్రం కోడల్ని పుట్టింటికి పంపడం మానేశారు.

తర్వాత రేపల్లె మార్కెట్లో మరియమ్మ నన్ను ఆపింది.

"నే చెప్పమన్నది చెప్పావా తమ్ముడూ?"

"చెప్పానక్కా. ఆయనే వినలేదు."

"చదువుకున్నోడు గదా అనుకున్నా" అంది. చేపల మీద నీళ్లు చల్లుకుంటూ మళ్లీ తల ఎత్తలేదు.

ప్రతి ఏడూ ప్రసాద్ స్వయంగా వెళ్లి ఆమెను ఫెస్టివల్‌కు పిలుస్తాడు. ఆమె పలకదు. తనవల్ల ఏం తప్పు జరిగిందో నీకేమైనా తెలుసా అని ఒకసారి నన్నే అడిగాడు. నాకేం తెలుసన్నాను.

అతని మీద కోపం తగ్గాక నిజం చెబుదామనుకున్నాను. తగ్గలేదు. తగ్గకుండానే రాస్తున్నాను. ప్రసాద్ వినకపోవడం కాదు, ఆమె మాట అతని దాకా వెళ్లనేలేదు.