పార్కులో ఒంటరిగా కూర్చున్నవాళ్లకు అన్నం పెట్టిన మా కొమురక్క

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది.

ఫోన్ మోగితే నాకు గుండె దడ. ఎత్తేలోపే ఇంట్లో అందరికీ ఏదో ఒకటి అయిపోయిందనుకుంటాను. పిల్లలు నవ్వుతారు.

నిన్న అవతల కొమురక్క బిడ్డ.

"చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు."

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. రఘునాథపల్లిలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ గోడకు గోడ. నేను పోయేసరికే ఒళ్లు చల్లబడింది.

వాడకట్టు గ్రూప్‌లో అందరూ ఆమె ఫోటో పెట్టి దండం బొమ్మలు పంపుతున్నారు. నాకు చదువు తక్కువ, రాయడం సరిగా రాదు. కానీ ఆమె గురించి చెప్పాలంటే నా తప్పు చెప్పకుండా కుదరదు.

ఆమె కొడుకు నవీన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటాడు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, స్టేషన్ ఘన్‌పూర్‌లో తెలంగాణ దీక్షా టెంటులోనే ఉండేవాడు.

సమ్మె రోజులు. బస్సులు బంద్, బడులు బంద్. నాకు రోజూ భయమే. లాఠీ దెబ్బ తగులుతుందేమో, పట్టాల మీద కూర్చుంటారేమో, పోలీసులు పట్టుకుపోతారేమో అని.

ఒకనాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో బయలుదేరాడు.

"యాడికి నాయినా?" అన్నాను.

"చెరువు కాడి తోటకు చిన్నమ్మా. దోస్తులు వస్తున్నరు. ఇయ్యాల ధర్నా లేదు."

"మంచిగైంది బిడ్డా. ఆ లొల్లి కంటే చెట్ల కింద కూసునుడే నయం. పోయిరా."

గడపలో నిలబడి చూశాను. దోస్తులు ఎవరూ రాలేదు. కాసేపు చూసి, ఒక్కడే ఆటో ఎక్కాడు.

అన్నిటికీ భయపడే నాకు ఆ ఒక్క రోజు భయం వేయలేదు. మధ్యాహ్నం తిని హాయిగా పడుకున్నాను కూడా.

పొద్దు గూకే ముందు కొమురక్క పత్తి ఏరి వచ్చింది. "వీడేడి లచ్చిమీ?" అంది.

"దోస్తులతోని తోటకు పోయిండక్కా. నువ్వు పరేషాన్ కాకు."

ఆమె కంగారు పడొద్దని నా నోటికి వచ్చిన మాట అది.

కాసేపటికి ఆ తోట నుంచే కబురు వచ్చింది, నవీన్ ఇక లేడని. జేబులో కాగితం దొరికింది. తెలంగాణ కోసం పోతున్నా అని రాసి ఉంది.

కొమురక్కకు ఆ రోజు నుంచి ఒకటే కోపం. నలుగురు దోస్తులూ పక్కన ఉండి కూడా వాణ్ని వదిలేసి వచ్చారని. "మేం పోనే పోలే అమ్మా" అని వాళ్లు ఒట్లు పెట్టుకున్నారు. ఆమె నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? చెప్పింది నేను కదా.

తెలంగాణ వచ్చింది. వీధిలో పటాకులు కాల్చారు. ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. నేను అప్పుడు కూడా చెప్పలేదు.

ఆమె ఆదివారాలు మీకు తెలుసు. పులిహోర కట్టుకుని పార్కులకు పోయేది. జనగామ, మహబూబాబాద్, పండుగ సెలవుల్లో భూపాలపల్లి దాకా. జనం పిల్లాజెల్లాతో పూలు చూడటానికి వస్తే, ఆమె ఒంటరిగా కూర్చున్నవాళ్లను చూసేది. ఎవరైనా తల వంచుకుని కనబడితే పోయి పక్కన కూర్చునేది. తినిపించే దాకా లేచేది కాదు. నేను భయపడుతూ వెనకే పోయేదాన్ని.

జనగామలో ఒక పిల్లవాడు విసుక్కున్నాడు.

"అవ్వా, నేను మా పిల్ల కోసం చూస్తున్న. మీరు గిట్ల అడ్డం కూసుంటే ఆమె వస్తదా?"

"వచ్చేదాక తిను బిడ్డా. ఆమె రాంగనే లేస్తం."

పిల్ల వచ్చింది. ఆమెకూ ఒక ముద్ద పెట్టే లేచింది కొమురక్క.

భూపాలపల్లిలో ఒకాయన చెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాడు. ఏమైందని ఆమె అడగలేదు. ఆయన భార్య వచ్చి తీసుకుపోయే దాకా కూర్చుంది. మాకు ఆఖరి బస్సు పోయింది. రాత్రంతా బస్టాండులోనే. నేను వణుకుతుంటే, "ఏమైతదే, గట్టిగ ఉండు" అని తన కొంగు కప్పింది.

మొన్న వానాకాలంలో ఆ దోస్తుల్లో ఒకడు కొత్త ఇంటికి పిలవడానికి వచ్చాడు. కొమురక్క ముఖం మీదే తలుపు వేసింది. వాడికిప్పుడు జుట్టు నెరిసింది. వానలో అట్లాగే నిలబడ్డాడు. అది చూసి ఇక నా వల్ల కాలేదు.

ఆదివారం పార్కు బెంచీ మీద నిజం చెప్పేశాను.

"ఒక్కడే పోయిండా?"

"ఒక్కడే అక్కా. నేను చూసిన."

తర్వాత అడిగింది.

"చేతిల డబ్బా ఉండెనా?"

"ఉండె."

"ఆ పిలగాండ్లను ఇన్నేండ్లు తిట్టిపిస్తివి గదనే నాతోని."

తెల్లారి నలుగురి ఇళ్లకూ పోయి, చేతులు పట్టుకుని ఏడ్చింది. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు నేను పోయాను. ఆమె ఒక బెంచీ, నేను ఒక బెంచీ. ఒక్కతే పడిపోతుందేమోనని నా భయం. ఎప్పుడో ఒకనాడు పిలుస్తుందిలే అనుకున్నాను. మొన్న ఆదివారం కూడా పిలవలేదు.

నిన్న సాయంత్రం ఆ నలుగురే పాడె మోశారు. ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు.

అక్కా, నన్ను క్షమించమని అడగను. క్షమించకుండానే పోయావు, అది నీ హక్కు.

ఇక ఎవరి కోసమూ వెతకకు. కాళ్లు చాపుకుని కూర్చో.

నీ మనసు చల్లబడాలి కొమురక్కా. పోయిరా.