రెండు వందల దగ్గర ఆగిపోయిన వాన

పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వానక్క చనిపోయిన మొగుడి సంతకం పెడుతోంది.

కొండ మీది ఆ ఊళ్లో వాన కొలిచే పని ఆయనది. జ్వరం తలకెక్కితే నలుగురూ మంచం మీద కిందికి మోసుకెళ్లారు. సగం దారిలోనే కన్ను మూశాడు. నెల తిరక్కముందే ఆమె ఒక పూట నడిచి, ఇంకో పూట బస్సులో కూర్చుని, వాన కొలతల ఆఫీసుకు వెళ్లి సంగతి చెప్పింది. గుమాస్తా తల ఎత్తలేదు.

“ఆ కొండెక్కి కొత్తవాడెవడొస్తాడమ్మా? పోనీ నిన్ను వేసుకుందామంటే ఆడవాళ్లకిచ్చే పని కాదిది. కొలవడం నువ్వే కొలువు. పేరు మాత్రం ఆయనదే రాయి.”

“ఆయన పోయాడు కదా బాబూ!”

“మా కాగితాల్లో ఇంకా పోలేదుగా.”

పక్క బల్లల వాళ్లు పకపకా నవ్వారు. ఏం చేయాలో తోచక ఆమె కూడా కొంచెం నవ్వింది. అలా నవ్వినందుకు తనను తాను చాన్నాళ్లు తిట్టుకుంది. నోరు మాత్రం విప్పలేదు. గట్టిగా అడిగితే ఆ వాన కొలిచే డబ్బా కూడా ఊడబీక్కుపోతారని భయం. ఆమెకు రాయడం వచ్చిందల్లా అంకెలూ, ఆయన పేరూ. రెండూ ఆయన నేర్పినవే. తన పేరు రాయడం ఎవరూ నేర్పలేదు.

ఊరంటే నలభై ఇళ్లు. కొండ వెన్ను మీద పై వరస, దాని కింద కాఫీ మొక్కల వాలులో కింది వరస. రోడ్డు లేదు. బడి గది ఉంది కానీ పంతులు వానలు వెలిశాకే వస్తాడు. ఫోను పలికేది ఒక్క బోడిబండ మీద. ఏడాదిలో ఏడు నెలలు మబ్బు ఇళ్లల్లోకే వచ్చి కూర్చుంటుంది. ఉతికిన బట్ట ఆరదు, అగ్గిపుల్ల అంటుకోదు, తలుపులు ఉబ్బి సగంలో బిగుసుకుపోతాయి.

వాన డబ్బా పై వరస చివర ముళ్లకంచెలో ఉంటుంది. జలగలు పట్టకుండా పాదాలకు ఉప్పు రుద్దుకుని వెళ్తుంది వానక్క. గరాటు ఎత్తి, లోపలి సీసా తీసి, నీళ్లు గీతల గ్లాసులో పోసి, కంటికి సమంగా పట్టుకుని చదివి, ఆ అంకె రిజిస్టరులో వేసి, పక్కన ఆయన సంతకం పెడుతుంది. “డబ్బాలో ఉన్నదే రాయాలి. నీ ఊహలు రాయకు,” అని ఆయన పదే పదే చెప్పేవాడు. మబ్బు బాగా దిగిన రోజున కంచె అవతల ఆయన దగ్గు వినబడేది. రెండు పొడి దగ్గులు, తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. మొదట్లో ఆమెకు ఒళ్లు జలదరించేది. రానురానూ అలవాటైంది. “వచ్చావా? అయితే నీ సంతకం నువ్వే పెట్టుకో, నాకు వేళ్లు కొంకర్లు పోతున్నాయి,” అని విసుక్కునేది.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం ఆమె వెళ్లేసరికి సీసా నిండి, డబ్బా కూడా నిండి, అంచు మీంచి నీళ్లు కారిపోతున్నాయి. ఎంత కారిపోయిందో ఎవరికి తెలుసు? కొలిచింది. ఆ డబ్బా పట్టేదే రెండు వందల మిల్లీమీటర్లు. సరిగ్గా అంతే ఉంది. తడిసి ముద్దవుతూ బోడిబండ ఎక్కి ఆఫీసుకు ఫోను చేసింది.

“రెండు వందలు, బాబూ.”

“పైనేమైనా ఉందా? రెండు వందలు దాటితేనే మేం ఊరు ఖాళీ చేయమనేది. తొందరగా చెప్పు, ఇంకా పది ఊళ్లవి రాసుకోవాలి.”

కారిపోయిన నీళ్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. వెనక మబ్బులో ఎవరో దగ్గినట్టయింది.

“డబ్బాలో ఉన్నది రెండు వందలే,” అంది.

పది గంటలకు వాలు జారింది. కింది వరసలో ఏడిళ్లు కాఫీ చెట్లతో సహా లోయలోకి పోయాయి. ఇళ్లలోకి నీళ్లొచ్చి అప్పటికే చాలామంది పైకి చేరడంతో ప్రాణాలు దక్కాయి. నలుగురికి దక్కలేదు, వాళ్ల శవాలూ దొరకలేదు. ఆ నలుగురిలో దర్జీ పెళ్లాం ఒకతె. మిషను తడవకుండా దర్జీ దాన్ని నెత్తిన పెట్టుకుని పైకి వచ్చాడు. “నువ్వు పద, కోళ్లను పట్టుకుని వస్తా,” అని ఆమె వెనక్కి తిరిగింది.

ఆ రోజుతో కంచె దగ్గర దగ్గు ఆగిపోయింది. ఇప్పుడు ఎనిమిదిన్నరకు వానక్క గ్లాసు ఎత్తగానే వాలు మట్టి కింద నుంచి ఒక ఆడగొంతు వినబడుతుంది. తాపీగా, తొందరేమీ లేనట్టు, కోళ్లను పిలుస్తుంటుంది. పక్కింటావిడను అడిగితే, “గాలమ్మా, గాలి,” అంది. దర్జీని అడిగే ధైర్యం వానక్కకు లేదు. అతను మాత్రం ఎప్పటిలా పలకరించేవాడు. “ఏంటక్కా, రవికె భుజాలు ఇంత జారాయి? వానలో నానావా, లోకాన్ని మోస్తున్నావా?” ఆమె మొహం తిప్పుకునేది.

ఈ ఎండాకాలం ఒక అధికారి, ఆఫీసుకు చేరిన ఆ వాన రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. మట్టి కొట్టుకుపోయిన వాలు మీద నిలబడి, “వాన రెండు వందలు దాటలేదు. రికార్డు ఉంది. మీరే ఎక్కడపడితే అక్కడ తవ్వి చెడగొట్టుకున్నారు. స్థలం మంచిదే. ఇక్కడ కట్టుకునే వాళ్లకే రేకులూ సిమెంటూ,” అన్నాడు.

దర్జీ అప్పటికే మెడలోని టేపు తీసి నేల కొలుస్తున్నాడు. “ఈసారి గుమ్మం వెడల్పు పెట్టుకుంటా సార్. పాత దాంట్లో మిషను దూరక చచ్చేవాణ్ణి.” అందరూ నవ్వారు.

ఏడిళ్లూ మళ్లీ అక్కడే లేవబోతున్నాయి. కారణం తను చెప్పిన అంకె. వానక్క ముందుకు వచ్చింది.

“దాటింది, అయ్యా,” అంది.

“ఎవరమ్మా నువ్వు?”

“ఆ రోజు కొలిచింది నేనే. డబ్బా పొంగి పొర్లిపోయింది. ఆ పొర్లింది చెప్పలేదు నేను.”

“ఇందులో సంతకం వేరే ఆయనది కదా?”

“ఆయన పోయి పదకొండేళ్లయింది.”

అధికారి పేజీ కేసి, ఆమె కేసి చూసి రిజిస్టరు మూశాడు. “రాసిన అంకె దిద్దాలంటే సంతకం పెట్టిన మనిషే దరఖాస్తు పెట్టుకోవాలి. నీకూ ఆఫీసుకూ సంబంధమే లేదు.”

దర్జీ చేతిలోంచి టేపు జారింది. వంగి దాన్ని తీసి చుట్ట చుట్టాడు.

“అది కోళ్ల కోసం ఆగిందక్కా,” అన్నాడు. “పై నుంచి ఒక్క కేక వినబడినా వచ్చేసేది.”

వానక్క అతని దగ్గరికి నడిచింది. “ఇప్పుడు కేకేస్తున్నా తమ్ముడూ,” అంది. “ఇక్కడ కట్టకు.”

“ఎక్కడ కట్టుకోను మరి? నీ నెత్తి మీదా?” అని అరిచి, మిషనుతో తను తలదాచుకుంటున్న బడి వరండాలోకి వెళ్లిపోయాడు. మర్నాడు పునాది తవ్వడానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మిగతా ఆరు కుటుంబాలు కడుతూనే ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. రేకు ఇచ్చేది అక్కడే, వాన మొదలయ్యేది ఆరు వారాల్లో. బడి వెనక చదును నేల ఖాళీగా ఉంది. ఏడిళ్లు హాయిగా పడతాయి. ఆఫీసు కాగితం లేకుండా అక్కడ గుంజ కూడా పాతనివ్వరు. వానక్క రెండుసార్లు కిందికి వెళ్లి అడిగింది. రెండుసార్లూ, “మీరెవరు?” అన్నారు.

ఇది చదివినవాళ్లు వాన కొలతల ఆఫీసుకు ఒక కార్డు రాయండి. ఆమె మాట వినని ఆఫీసు సంచీలకొద్దీ వచ్చే ఉత్తరాలను వినక తప్పదు. ఆ రోజు వాన డబ్బా పట్టనంత కురిసిందని, కొలిచిన మనిషి బతికే ఉందని, ఆమె మాట రాసుకోమని రాయండి. కింది వరసకు బడి వెనక నేల ఇమ్మని అడగండి. ఒక ఇంట్లో నలుగురుంటే నాలుగు కార్డులు రాయండి. రేపు రాద్దామని పక్కన పెట్టకండి, అక్కడ గోడలు నడుం ఎత్తుకు వచ్చాయి.