ముఖాలు గీసే చెయ్యి

శ్రీకాళహస్తిలో మునిరామయ్య పేరున్న కలంకారీ గుడ్డకు గిరాకీ ఎక్కువ. అయితే మూడేళ్లుగా ఆ గుడ్డల మీద ఒక్క గీత కూడా ఆయనది కాదు. చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి గీతలన్నీ కూతురు నాగవేణివే. గురువు బతికుండగా శిష్యుల పని గురువు పేరుతోనే బయటికి వెళ్లడం ఆ ఇంటి పద్ధతి. ముఖాలను మాత్రం గురువే గీయాలి. ఇప్పుడు అవీ ఆమే గీస్తోంది. ఆ సంగతి పక్కింటి లోకేశ్వరికి తప్ప బయట ఎవరికీ తెలియదు.

తిరుపతిలోని ఒక శిక్షణ కేంద్రం కలంకారీ నేర్పే ఉద్యోగానికి నాగవేణిని ఇంటర్వ్యూకు పిలిచింది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో పుట్టింట ఉంటున్న మనిషి. ఈ ఏడాది దాటితే ఆ ఉద్యోగానికి వయసు మీరుతుంది. లోకేశ్వరి ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ ఇంటర్వ్యూలు చాలా చూసింది. సాయంత్రాలు నాగవేణిని కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చింది.

"మే, ఈ బొమ్మ ఎవురేసినారంటే ఏం సెప్తావు?"

"మేము ఏసినామని."

"మేమంటే ఎవురే, మీ వీధంతానా? నేను అను. నోరేం కాలిపోదులే!"

నాగవేణి నవ్వింది. గోడ అవతల తండ్రి దగ్గు వినబడగానే గొంతు తగ్గించి, "నేను" అంది.

ఇంటర్వ్యూ రోజు మునిరామయ్య ఉతికిన పంచె కట్టుకుని వెంట వచ్చి వరండాలో కూర్చున్నాడు. లోపల బల్ల అవతల నలుగురు కూర్చున్నారు. వాళ్లలో పెద్ద అధికారి ఆమె తెచ్చిన గుడ్డను బల్లపై పరిచాడు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టడం గురించి, రంగుల గురించి అడిగినవాటికి ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది.

"ఇందులో మీరు వేసిందేమిటి?"

తెరిచిన తలుపులోంచి తండ్రి కనబడుతున్నాడు. ఒక చేత్తో రెండో చేతిని అదిమి పట్టుకున్నాడు.

"రంగులు నేను నింపినాను సార్. గీసింది మా నాయన."

"మాకు గీయడం నేర్పేవాళ్లు కావాలమ్మా."

ఆ మాట విని మునిరామయ్య లేచి లోపలికి వచ్చాడు. వణుకుతున్న చెయ్యి అందరి ముందూ చాచాడు. "సూడండి సార్. ఈ సెయ్యి యాడ గీస్తాది? గీసింది నా బిడ్డే."

అధికారి ఇద్దరినీ చూశాడు. తరువాత తెల్లగుడ్డ, బొగ్గుకణిక ఆమె ముందుకు జరిపి, "ఒక్క ముఖం గీయండి. చాలు" అన్నాడు.

అంతకంటే న్యాయమైన అవకాశం ఎవరూ ఇవ్వలేరు. నాగవేణి బొగ్గు అందుకుంది. నలుగురి కళ్లూ తండ్రి చేతి మీదే ఉన్నాయి. గీత పడితే, ఈ మూడేళ్ల గుడ్డల మీది పేరు ఏమవుతుందో ఆమెకు తెలుసు. బొగ్గు కింద పెట్టేసింది.

"ముఖాలు నాయనే గీస్తాడు సార్. నా మీద ప్రేమతో అట్ల సెప్తా ఉండాడు."

ఇక ఉద్యోగం ఇవ్వలేమన్న ఆ అధికారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మునిరామయ్య నోరు తెరిచాడు. "నలుగురిలో నన్ను అబద్ధాలకోరును సేసినావే."

"నీ పేరు పోతాదని నాయనా..."

"పేరు నాది. పోతే పోనీలే అనుకునే లోపలికొచ్చినా. కాపాడమని నిన్నెవురడిగినారు?"

బస్సు వచ్చింది. ఎక్కబోతే కమ్మీ మీద ఆయన చెయ్యి నిలవలేదు. నాగవేణి చెయ్యి అందించింది. ఆయన దాన్ని పట్టుకోలేదు. కండక్టరు రెక్క పట్టి పైకి లాగాడు.