ఇద్దరికీ ఒకటే గుమ్మం

పోయిన నెల అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఉన్న మనవరాలి దగ్గరికి బయలుదేరి, ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్‌లో కూర్చుని ఉండగా, సైన్యంలో పనిచేసేవాళ్ళు ముందుగా విమానం ఎక్కవచ్చునని మైకులో చెప్పారు. యూనిఫాంలో ఉన్న ఓ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని లేచింది, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఆ బట్టల్లో మనిషి నా వైపు నడిచివస్తుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా ఏ పేరు పలుకుతుందోనని చూశాను.

మేము ఈ దేశం వచ్చింది వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో. పెన్సిల్వేనియాలో ఉక్కు కార్ఖానా ఉన్న ఓ చిన్న ఊరి ఆస్పత్రిలో మా ఆయనకి ఉద్యోగం. అక్కడి కుర్ర డాక్టర్లని సైన్యం తీసుకుపోతే ఖాళీ అయిన చోట్లలోకి మనదేశం నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చినవాళ్ళని పెట్టుకున్నారు. మనుషులకి ఎంత కరువంటే, ఉత్త బి.ఎస్సీ. చదివిన నన్ను కూడా ల్యాబ్‌లో రక్తం తీయడానికి తీసుకున్నారు, చీర మీదే తెల్లకోటు తొడిగి. మంగలి షాపు వారంలో సగం రోజులే తెరిచేవారు. చర్చి పక్కనుంచి నడిచివెళ్తే పాటలో వినిపించే మగగొంతులన్నీ ముసలివాళ్ళవే.

మేము అద్దెకున్నది ఓ పాత ఇంటి మేడ మీద. కింద ఇంటావిడ, భర్త పోయిన మనిషి, పందొమ్మిదేళ్ళ ఒక్కగానొక్క కొడుకుని అప్పటికే యుద్ధానికి పంపింది. మంచు ఎలా ఎత్తిపొయ్యాలో, బూట్లు ఎక్కడ కొనుక్కోవాలో నాకు నేర్పింది ఆవిడే.

తరవాతి ఏడాది మా ఆయనకీ సైన్యం నుంచి కాగితం వచ్చింది. గ్రీన్‌కార్డు ఉన్న డాక్టర్లు కూడా వెళ్ళాలట. ఓటు వెయ్యడానికి పనికిరాని మనిషి యుద్ధానికెలా పనికొస్తాడని నేనడిగితే, చేతులు పనికొస్తాయట అని నవ్వారు. మా మామగారి తమ్ముడు తెల్లవాళ్ళ సైన్యంలో బర్మా వెళ్ళి తిరిగిరాలేదు. ఒక దొరకి తమ్ముణ్ణిచ్చాను, ఇంకో దొరకి కొడుకునివ్వమంటే ఎలాగని మామగారు ఉత్తరం రాశారు. ఇండియాకి వెళ్ళిపోయే దారి లేకపోలేదు. ఆస్పత్రిలో పనిచేస్తూ చదువుతున్న స్పెషలిస్టు చదువు పూర్తిగా వదులుకోలేక మా ఆయన యుద్ధానికే వెళ్ళారు.

ఆ తరవాత నాతో తెలుగు మాట్లాడే మనిషి దగ్గరలో లేరు. ఆయన ఉత్తరాలు పైకి చదువుకునేదాన్ని, గదిలో తెలుగు వినబడాలని. కొన్నాళ్ళకి నా గొంతు నాకే కొత్తగా తోచేది. సాయంత్రాలు నేనూ ఇంటావిడా గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఎవరి ఉత్తరాలు వాళ్ళు చదువుకునేవాళ్ళం. ఆవిడ కొడుకు ఉత్తరాలు రానురాను రెండు మూడు వాక్యాలకి వచ్చేశాయి.

వసంతం మొదలైన ఒక మధ్యాహ్నం, ఆవిడ పూలమొక్కలు నాటుతోంది, నేను నీళ్ళు పోస్తున్నాను. ఇంటి ముందు కారు ఆగింది. యూనిఫాంలో ఇద్దరు దిగారు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం. ఇద్దరం లేచి నిలబడ్డాం, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్న అతను ఒక పేరు పలికాడు. నా పేరైతే నాలుక తిరగక తడుముకునేవాడు, అతను తడుముకోలేదు. నా గుండెలోంచి ఊపిరి చప్పుడుతో సహా బయటికొచ్చింది.

ఆవిడ ఏడవలేదు. వాళ్ళిద్దరినీ కాఫీ తాగి వెళ్ళమంది.

ఆవిడకి నా ముఖం చూపించలేక, ఆవిడ లేవకముందే ఆస్పత్రికి వెళ్ళిపోయేదాన్ని. అంత్యక్రియల్లో కూడా వెనక వరసలో నిలబడ్డాను. వారం తరవాత ఒక సాయంత్రం ఆవిడే మెట్లెక్కి నా గదికొచ్చింది.

"ఆ రోజు నువ్వు ఊపిరి వదలడం విన్నాను," అంది.

నేను కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

"వాళ్ళు నీ పేరు చెప్పి ఉంటే నేనూ అదే చేసేదాన్ని. కింద ఒక్కదాన్నే కూర్చుని తినలేకపోతున్నాను. వస్తావా?"

వెళ్ళాను. మా ఆయన తిరిగి వచ్చేదాకా రోజూ ఆ బల్ల దగ్గరే తిన్నాను, ఆవిడ ఉడికించిన బంగాళాదుంపలూ, నేను చేసిన చారూ.

ఆయన ఎయిర్‌పోర్ట్‌లో యూనిఫాం విప్పి, మామూలు చొక్కా తొడుక్కునే బయటికి వచ్చారు. జనం యుద్ధం మీద కోపంగా ఉన్న ఆ రోజుల్లో ఆ బట్టల్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. అక్కడేం చూశారో పోయేదాకా నాకు చెప్పలేదు, నా ఊపిరి సంగతి నేనూ ఆయనకి చెప్పలేదు. మేము ఊరు మారాక ఇంటావిడ కొన్నేళ్ళు క్రిస్మస్‌కి కార్డులు పంపింది, తరవాత అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు నేనుంటున్న ఫీనిక్స్ పక్క చాండ్లర్‌లో మా వీధిలో సగం తెలుగు ఇళ్ళే. ఆ ఇళ్ళ పిల్లలు ఆంటీ అంటూ కూరలు తెచ్చిపెడతారు, డాక్టరు దగ్గరికి డ్రైవ్ చేసి తీసుకెళ్తారు. యుద్ధాలు ఇప్పుడూ జరుగుతున్నాయి గానీ, వెళ్ళేవాళ్ళ ఇళ్ళు ఎక్కడో ఉంటాయి, ఆగిన కారుని చూసి మా వీధిలో ఎవరి గుండే జారదు. మంచిదే కదా. మనవరాలికి ఇదంతా చెప్పబోయాను ఒకసారి. సో సాడ్ అమ్మమ్మా అని నా చెయ్యి పట్టుకుంది, మనస్ఫూర్తిగానే. అక్కడితో ఆపేశాను. అప్పట్లో నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇంటావిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా నేను నోరు తెరవలేని మాట ఆవిడే అనేసి, అన్నానికి పిలిచింది. ఇప్పుడు మాట్లాడుకోవడానికి రెండు భాషలూ నిండుగా ఉన్నాయి, సాయంత్రం పూట మాత్రం కంచం ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను.